ఉయ్యాల పక్కన నెత్తురు

పసిబిడ్డను పాము బారి నుంచి కాపాడిన పెంపుడు జంతువును, దాని మూతికి అంటిన నెత్తురు చూసి బిడ్డనే కొరికిందని భ్రమపడిన యజమాని చంపివేయడం, ఆ తరువాత ఉయ్యాలలో క్షేమంగా ఉన్న బిడ్డనూ పక్కన తునకలై పడి ఉన్న పామునూ చూసి కుమిలిపోవడం అనే ఇతివృత్తం తెలుగు పాఠకులకు పంచతంత్రంలోని బ్రాహ్మణుడు-ముంగిస కథగా చిన్ననాటి నుంచే పరిచితం. ఇదే కథ అయిదో శతాబ్ది ఆరంభంలో చైనా భాషలోకి వెళ్లిన బౌద్ధ భిక్షువుల నియమావళిలోనూ, తమిళ కావ్యమైన శిలప్పదికారంలోనూ, అరబ్బుల వచన సాహిత్యంలోనూ, మధ్యయుగాల ఫ్రాన్సు పల్లెల్లో తల్లులు మొక్కుకున్న ఒక తోపులోనూ, నేటికీ యాత్రికులు చూడవచ్చే వేల్స్ కొండపల్లె సమాధి దగ్గరా కనిపిస్తుంది. ఫిన్లండ్ పండితుడు ఆంటీ ఆర్నే 1910లో ప్రారంభించగా, అమెరికా పండితుడు స్టిత్ థాంప్సన్ విస్తరించగా, 2004లో జర్మన్ పండితుడు హాన్స్ యోర్గ్ ఊథర్ సవరించిన కథాసూచిక ఒకటి ఉంది. ఇతివృత్తాన్ని బట్టి ప్రపంచ జానపద కథలకు సంఖ్యలు కేటాయించే ఆ పట్టికలో ఈ కథ సంఖ్య 178ఏ.

ఇంత దూరం వ్యాపించడానికి కారణం అందులోని నీతి సార్వకాలికం కావడమేనని చెప్పడం పరిపాటి. అది సగం నిజం మాత్రమే. తొందరపాటు కూడదని చెప్పే కథలు ప్రతి భాషలోనూ కొల్లలుగా ఉన్నా, వాటిలో అధికభాగం పుట్టిన ఊరి పొలిమేర దాటలేదు. ఈ కథను దేశాలు దాటించినది చెప్పేవారి అవసరం. శిక్ష విధించే అధికారం గలవాడి ఎదుట నిలబడి, ఎత్తిన కత్తిని కొంతసేపైనా ఆపవలసి వచ్చిన మనిషికి ఇంతకంటె పదునైన వాదన దొరకదు. అదే కథ అధికారం లేనివారి నోటికి చేరినప్పుడు వాదన రూపాన్ని వదిలి, చనిపోయిన జంతువుకు సమాధిగానూ మొక్కుబడిగానూ మారింది. ముంగిస ఏ దేశంలో ఏ జంతువుగా మారిందో చెప్పే పట్టికలు చాలా వచ్చాయి గాని, ఈ రెండు దారుల తేడాను పట్టించుకోకపోతే ఆ పట్టికల వల్ల తెలిసేది స్వల్పం.

చంపిన చేయి ఎవరిది?

పంచతంత్రం ఒకే గ్రంథం కాదు. కాలాన్నీ ప్రాంతాన్నీ బట్టి భిన్నరూపాలు సంతరించుకున్న అనేక పాఠాల సముదాయం. కాశ్మీరంలో లభించిన తంత్రాఖ్యాయిక అనే ప్రాచీన పాఠంలో అయిదో తంత్రమైన అపరీక్షితకారకం, అంటే విచారించకుండా చేసిన పనుల గురించిన భాగం, ఈ ముంగిస కథ చుట్టూనే అల్లుకుని ఉంటుంది. 1199లో జైన సన్న్యాసి పూర్ణభద్రుడు సిద్ధం చేసిన పాఠంలో ఆ ప్రధానస్థానాన్ని సన్న్యాసులను కర్రతో మోదిన క్షురకుని కథ ఆక్రమించగా, ముంగిస కథ దానిలో ఉపకథగా ఒదిగింది. ఈ మార్పు కంటె ముఖ్యమైనది మరొకటి ఉంది. తంత్రాఖ్యాయికలోనూ, పదకొండో శతాబ్దికి చెందిన సోమదేవుని కథాసరిత్సాగరంలోనూ, నారాయణ పండితుని హితోపదేశంలోనూ ముంగిసను చంపినవాడు బ్రాహ్మణుడు. హితోపదేశంలో అతడి పేరు మాధవుడు, ఊరు ఉజ్జయిని. భార్య బిడ్డను అప్పగించి స్నానానికి వెళ్లగానే రాజగృహం నుంచి శ్రాద్ధానికి పిలుపు వస్తుంది, ఆలస్యం చేస్తే ఆ దానం మరొకరి పాలవుతుందన్న ఆత్రంతో అతడు ముంగిసను కాపలా పెట్టి బయలుదేరుతాడు.

పూర్ణభద్రుని పాఠంలో హత్య తల్లి చేతికి మారింది. ఆమె ముంగిసకు తన చనుబాలు ఇచ్చి, ఒంటికి నూనె రాసి, నీళ్లు పోసి కన్నకొడుకుతో సమానంగా పెంచుతుంది. అయినా జాతిబుద్ధి ఎక్కడికి పోతుందన్న అనుమానం ఆమెను వదలదు. నీళ్లకు వెళుతూ ముంగిసను ఒక కంట కనిపెట్టమని భర్తతో చెప్పి వెళుతుంది. అతడు ఇంటిని వదిలి భిక్షకు పోతాడు. తిరిగి వచ్చిన తల్లి ముంగిస మూతి చూసి నీళ్లకుండను దాని మీద విసిరి చంపుతుంది. తరువాత భర్త పాత్ర నిండా భిక్షాన్నంతో వచ్చినప్పుడు, ఈ అనర్థానికి మూలం నీ లోభమేనని నిందిస్తుంది. కథాశిల్పం దృష్ట్యా ఇది పాత పాఠం కంటె బలమైన కూర్పు. పాలిచ్చిన చేయే ప్రాణం తీయడం వల్ల శోకం రెట్టింపు కావడమే కాక, తప్పు ఒకరి తొందరపాటు దగ్గర ఆగకుండా మరొకరి లోభం దాకా విస్తరించి, ఇంటిలోని ఇద్దరినీ దోషులుగా నిలబెడుతుంది. నీతిని ఒక్క వాక్యంలో చెప్పడం కష్టమయ్యే చోటనే ఈ పాఠం గొప్పతనం ఉంది.

ఇంకొక సంగతి గమనించదగినది. ప్రాచీన పాఠాల్లో ముంగిస కథకు ముందు, బిడ్డ కడుపులో ఉండగానే కొడుకు పుడతాడని, వాడికి ఫలానా పేరు పెడతానని భర్త కలలు కంటుంటే, భార్య అతడిని హెచ్చరిస్తూ పేలపిండి కుండను తన్ని పగలగొట్టుకున్న పగటికలల బ్రాహ్మణుని కథ చెబుతుంది. ఆ బ్రాహ్మణుని ఊహల్లో పుట్టిన కొడుకు పేరు సోమశర్మ. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న తెలుగు సామెతకూ ఈ కథకూ చుట్టరికం ఉందనుకోవడం అత్యాశ కాదు. పుట్టని బిడ్డపై పెంచుకున్న ఆశ, పుట్టిన బిడ్డపై కలిగిన భయం పక్కపక్కన నిలవడం వల్ల, పాత పాఠంలో ఈ జంటకథ తల్లిదండ్రుల మనస్తత్వాన్ని చూపించినంతగా రాజనీతిని చూపించదు.

తెలుగులో దూబగుంట నారాయణకవి 15వ శతాబ్దిలోనూ, బైచరాజు వేంకటనాథకవి ఆ తరువాతి శతాబ్దిలోనూ పంచతంత్రాన్ని పద్యకావ్యాలుగా రచించారు. 1853లో వెలువడిన పరవస్తు చిన్నయ సూరి నీతిచంద్రిక మిత్రలాభ మిత్రభేదాలకే పరిమితమైంది. పంచతంత్రంలో అయిదో తంత్రానికీ, హితోపదేశంలో సంధి భాగానికీ చెందిన ముంగిస కథకు ఆ రెంటిలోనూ మూలస్థానం లేదు. తరాల తరబడి బడిపిల్లల చేత వల్లె వేయించిన గ్రంథపు ఆసరా లేకుండానే ఈ కథ తెలుగువారి నోట నిలిచి ఉండడం, దానికి పుస్తకం కంటె నోటిమాట పెద్ద ఆధారమన్న సంగతిని సూచిస్తుంది.

సంస్కృత పాఠాలకు వెలుపల ఈ కథకు లభించే పాత సాక్ష్యాల్లో ముఖ్యమైనది బౌద్ధులది. మహాసాంఘికులు అనే బౌద్ధశాఖ వినయపిటకాన్ని, అంటే భిక్షువులు పాటించవలసిన నడవడి నియమాల గ్రంథాన్ని, చైనా యాత్రికుడు ఫాహియాన్ పాటలీపుత్రంలో సంపాదించి తన దేశానికి తీసుకువెళ్లగా, 416-418 మధ్య బుద్ధభద్రుడనే పండితునితో కలిసి దానిని చైనా భాషలోకి మార్చాడు. బ్రాహ్మణుడు, అతడి బిడ్డ, ముంగిస అందులో ఉన్నారు. ముంగిసకు చైనా భాషలో సరిపడే జంతువు దొరకనందువల్ల నకులమనే సంస్కృత శబ్దాన్నే లిపి మార్చి ఉంచారు. రాజకుమారులకు పాలనానీతిగా చెప్పిన కథ ఇక్కడ సన్న్యాసులకు సంయమన పాఠంగా మారింది.

శిలప్పదికారంలో ఈ కథకు దక్కిన మలుపు భారతీయ సాహిత్యంలో మరెక్కడా కనిపించనంత విలక్షణమైనది. ఆ కావ్యంలో కథ ముంగిస చనిపోవడంతో ముగియదు, అక్కడే మొదలవుతుంది. ముంగిసను చంపిన బ్రాహ్మణ స్త్రీతో ఇక కలిసి ఉండడం ధర్మం కాదని నిశ్చయించిన భర్త, సంస్కృత వాక్యం రాసిన ఒక ఆకును ఆమె చేతిలో పెట్టి ఉత్తరదిశగా వెళ్లిపోతాడు. ఆమె ఆ ఆకును పట్టుకుని, తన పాపాన్ని కడిగే పుణ్యాత్ముడెవరైనా ఉన్నారా అని వర్తకుల వీధుల్లో తిరుగుతుంది. కథానాయకుడైన కోవలన్ దానిని చదివించి, ప్రాయశ్చిత్తానికి కావలసిన దానధర్మాలు తన ధనంతో జరిపించి, భర్తను వెతికించి, ఆ దంపతులను తిరిగి కలుపుతాడు. ఇదంతా కోవలన్ పూర్వపు దాతృత్వానికి ఉదాహరణగా మాడలన్ అనే బ్రాహ్మణుడు అతడికే గుర్తుచేసే సందర్భం. ఆ మాటలు విన్న కోవలన్ కొద్దికాలంలోనే మదురైలో, రాణి కాలి అందె దొంగిలించాడన్న నిందపై, పాండ్యరాజు విచారణ లేకుండా ఇచ్చిన ఆజ్ఞ వల్ల హతుడవుతాడు. విచారించకుండా చంపిన పాపాన్ని మరొకరి తరఫున కడిగినవాడే విచారణ లేని శిక్షకు బలికావడం యాదృచ్ఛికమని నమ్మడం కష్టం. కవి ఆ ముంగిసను అక్కడ తెలిసే నిలిపాడనిపిస్తుంది.

సింహాసనం ముందు

పడమటి దిక్కుకు ఈ కథ రెండు గ్రంథాల దారిన వెళ్లింది. మొదటి దారి అందరికీ తెలిసినదే కనుక క్లుప్తంగా చెప్పుకోవచ్చు. పారశీక చక్రవర్తి ఖుస్రో అనూషిర్వాన్ (531-579) ఆస్థాన వైద్యుడు బుర్జోయ్ ఆరో శతాబ్దిలో పంచతంత్రాన్ని పహ్లవీ భాషలోకి, అంటే ఇస్లాంకు పూర్వపు పారశీకంలోకి, మార్చాడు. ఆ గ్రంథం నశించినా, దాని ఆధారంగా ఇబ్న్ అల్ ముఖఫ్ఫా ఎనిమిదో శతాబ్ది మధ్యలో రాసిన అరబ్బీ గ్రంథం కలీలా వ దిమ్నా నిలిచింది. పంచతంత్రంలోని నక్కలైన కరటక దమనకులే ఆ కలీలా దిమ్నాలు. అందులో బ్రాహ్మణుడు జుర్జాన్ ప్రాంతపు తాపసి అయ్యాడు, పేలపిండి కుండ నెయ్యి తేనెల కుండ అయింది, ముంగిస స్థానంలోకి దాని పోలికలే గల సన్నని వేటజంతువు వీజెల్ వచ్చింది. 1251 నాటి స్పానిష్ అనువాదంలోనూ, పదమూడో శతాబ్దిలో కపువా నగరవాసి జాన్ చేసిన లాటిన్ అనువాదంలోనూ అది కుక్కగా స్థిరపడింది.

జంతువు మారితే కథ మారదని అనుకోవడం పొరపాటు. పాముకూ ముంగిసకూ ఉన్న వైరం సహజమైనది. నిత్యవైరం గల ప్రాణుల పేర్లు కలిసినప్పుడు సమాసం ఏకవచనంలో ఉంటుందని చెప్పే పాణిని సూత్రానికి వ్యాకరణవేత్తలు అహినకులమనే మాటను ఉదాహరణగా ఇస్తూ వచ్చారు. అందుచేత భారతీయ కథలో ముంగిస పామును చంపడానికి యజమానిపై ప్రేమ ఉండి తీరవలసిన అవసరం లేదు, అది తన స్వభావాన్ని నెరవేర్చింది. కుక్కకు అటువంటి జాతివైరం లేదు. అది పాముతో పోరాడిందంటే బిడ్డ కోసమే పోరాడింది. కథలో విశ్వాసం, ద్రోహం అనే బరువైన మాటలకు చోటు దొరికింది అప్పుడే. ముంగిసపై అనుమానం మాత్రం కథతోపాటు ఎంతకాలమైనా నిలిచింది: 1893లో రడ్యార్డ్ కిప్లింగ్ బీహారులోని సుగౌలీ కంటోన్మెంటు నేపథ్యంగా వెలువరించిన ముంగిస కథలోనూ, బిడ్డ పక్కన ఆ జంతువు పడుకోవడం తల్లికి రుచించదు, తండ్రి దానినే నమ్ముతాడు.

రెండో దారి సింద్‌బాద్ గ్రంథం. ఇది సముద్రయాత్రలు చేసిన సింద్‌బాద్ కథ కాదు, అదే పేరు గల ఒక గురువుకు సంబంధించినది. గ్రహస్థితి బాగాలేనందున ఏడు రోజులు నోరు విప్పవద్దని గురువు ఆదేశించిన రాజకుమారునిపై, రాజు అంతఃపురంలోని స్త్రీ ఒకతె తనను బలాత్కరించబోయాడని నింద మోపుతుంది. రాజు మరణశిక్ష విధిస్తాడు. రాజకుమారుడు మాట్లాడలేడు కనుక, ఏడుగురు మంత్రులు రోజుకొకరుగా వచ్చి కథలు చెప్పి శిక్షను మరునాటికి వాయిదా వేయిస్తారు. ఆ స్త్రీ కూడా ఎదురు కథలు చెప్పి రాజును ఎగదోస్తుంది. నిర్దోషి జంతువును చంపిన కథ మంత్రుల చేతి ఆయుధాల్లో ఒకటి. సిరియాక్, గ్రీకు, స్పానిష్ భాషల్లో వ్యాపించిన ఈ గ్రంథం పన్నెండో శతాబ్దికి ఫ్రాన్సు చేరి, ఏడుగురు విజ్ఞుల కథలుగా మారింది. అక్కడ తాపసి పోయి గుర్రపు వీరుడు వచ్చాడు. అతడు వీరులు బల్లేలతో తలపడే పోటీకి వెళతాడు. దాదులు కోట గోడెక్కి ఆ పోటీ చూస్తుంటారు. పాత గోడ పగుళ్ల నుంచి వచ్చిన పాముతో అతడి గ్రేహౌండ్ జాతి వేటకుక్క పోరాడుతుంది. పెనుగులాటలో ఉయ్యాల తొట్టి బోర్లపడి, బిడ్డ దాని కింద క్షేమంగా ఉండిపోతుంది. తొట్టి బోర్లపడడమనే చిన్న కల్పన ఐరోపా కథకుల నేర్పుకు నిదర్శనం. బిడ్డ కనిపించకపోవడానికి కారణం దొరకడంతో వీరుని అపోహ నమ్మదగినదిగా మారింది.

నిజం తెలిసిన వీరుడు తన బల్లేన్ని మూడు ముక్కలుగా విరిచి, జెరూసలేం యాత్రకు బయలుదేరుతాడు. తమిళ కావ్యంలో ఉత్తరదిశగా వెళ్లిపోయిన బ్రాహ్మణుడు ఇక్కడ గుర్తురాక మానడు, అయితే పోలిక అక్కడితో సరి. తమిళ భర్త భార్య పాపాన్ని చూసి వెళ్లాడు. ఫ్రెంచి వీరుడు, కుక్కే బిడ్డను చంపిందన్న భార్య మాట విని తాను చేసిన పాపానికి వెళ్లాడు. స్త్రీల మాట నమ్మితే ఇంతేనన్న తాత్పర్యం ఏడుగురు విజ్ఞుల గ్రంథమంతటా పరచుకుని ఉంది. తొందరపాటును ఖండించే కథ మరొక తొందరపాటు తీర్పుకు, అంటే స్త్రీజాతి మొత్తంపై వేసిన నిందకు, ఊతంగా మారిందన్న సంగతి ఆ గ్రంథకర్తలకు తట్టినట్టు లేదు.

దక్షిణ భారతంలోనూ ఇటువంటి చట్రం ఒకటి ఉంది. అలకేశుని కథగా ప్రసిద్ధమైన తమిళ కథామాలను పండిత నటేశ శాస్త్రి 19వ శతాబ్ది చివర ఆంగ్లంలోకి అనువదించాడు. అందులో రాజు పడకగదిలో పామును చంపిన మంత్రి ఒకడు, రాణి వక్షంపై పడిన విషపు బొట్టును తుడుస్తూ పట్టుబడి, పరస్త్రీని తాకిన నేరానికి మరణశిక్ష పొందుతాడు. అతడిని కాపాడడానికి తోటి మంత్రులు చెప్పే కథల్లో ముంగిస కథ ఉంది, దానితోపాటు అప్పుకు తాకట్టు పడిన కుక్క కథా ఉంది. జంతువు చేసిన పనీ మంత్రి చేసిన పనీ ఒకటే: పామును చంపడం, దాని మచ్చ తనపై ఉండగా దొరికిపోవడం. చట్రమూ లోపలి కథా ఇంతగా ఒకదానికొకటి అద్దం పట్టిన సందర్భం ఈ కథ చరిత్రలో మరొకటి లేదు. న్యాయస్థానపు భాషలో చెప్పాలంటే, కథ ఇక్కడ పూర్వనిర్ణయంగా, అంటే పాత కేసులో ఇచ్చిన తీర్పుగా, ఉదాహరించబడింది.

గ్రీకు సర్పం అడిగే ప్రశ్న

జర్మన్ పండితుడు థియోడార్ బెన్ఫీ 1859లో లైప్జిగ్ నగరంలో ప్రచురించిన రెండు సంపుటాల పంచతంత్ర అధ్యయనంలో, ఐరోపా కథల్లో అధికభాగానికి పుట్టిల్లు భారతదేశమని వాదించాడు. ముంగిస కథ విషయంలో అనువాదాల గొలుసు దాదాపు తెగకుండా దొరుకుతున్నందువల్ల అతడి వాదానికి ఇది మంచి ఉదాహరణ. అయితే రెండో శతాబ్దికి చెందిన గ్రీకు యాత్రాగ్రంథకర్త పౌసానియాస్, ఫోకిస్ ప్రాంతంలోని ఆంఫిక్లియా పట్టణం గురించి రాస్తూ నమోదు చేసిన స్థలపురాణం ఈ గొలుసులో ఎక్కడా ఇమడదు. శత్రువులకు భయపడి ఒక నాయకుడు తన పసికొడుకును ఒక పాత్రలో దాచిపెట్టగా, తోడేలు మీదికి వస్తుంది. ఒక సర్పం ఆ పాత్రను చుట్టుకుని కాపలా కాస్తుంది. తిరిగి వచ్చిన తండ్రి సర్పమే బిడ్డను మింగబోతున్నదనుకుని బల్లెం విసరగా, ఆ దెబ్బకు సర్పంతోపాటు బిడ్డ కూడా చనిపోతాడు. పశువుల కాపరులు జరిగినది చెప్పిన తరువాత, అతడు ఇద్దరినీ ఒకే చితిపై దహనం చేస్తాడు.

ఇక్కడ రక్షకుడు పాము, ప్రమాదం తోడేలు, పైగా బిడ్డ బతకలేదు. పాము ఇలవేల్పుగానూ స్థలరక్షకుడుగానూ పూజలందుకున్న గ్రీకు సమాజంలో ఇటువంటి కథ స్వతంత్రంగా పుట్టి ఉండవచ్చునన్నది సహేతుకమైన ఊహ. కథలన్నీ ఒక్కచోటే పుట్టాయన్న వాదాన్ని ఈ ఒక్క కథ కూలదోయకపోవచ్చు గాని, వ్రాతప్రతుల దారి తెలిసినంత మాత్రాన కథ దారి అంతా తెలిసినట్టు కాదని మాత్రం గట్టిగా హెచ్చరిస్తుంది.

సమాధి కట్టినవారు

పౌసానియాస్ చెప్పిన సర్పాన్ని మినహాయిస్తే, ఇంతవరకు చెప్పిన గ్రంథాలన్నింటిలోనూ ఒక లోటు సమానంగా కనిపిస్తుంది. చంపినవాడి దుఃఖానికి, అతడి ప్రాయశ్చిత్తానికి, విన్నవాడు నేర్చుకోవలసిన బుద్ధికి చోటు దొరికింది గాని, చనిపోయిన జంతువు ఏమైందో ఎవరూ చెప్పలేదు. దానికి పేరు లేదు, సమాధి లేదు. ఈ లోటును పూరించినవారు పల్లెజనం.

ఉత్తర వేల్స్ కొండల్లోని బెద్‌గెలర్ట్ గ్రామపు సమాధి వీటిలో ఎక్కువ పేరు పొందినదైనా, నిజానికి అతి తక్కువ ప్రాచీనత గలది. 1240లో మరణించిన వేల్స్ రాకుమారుడు లెవెలిన్ తన కుక్క గెలర్ట్‌ను చంపుకున్నాడని, బిడ్డపై దాడి చేసినది తోడేలని అక్కడి కథ. ఊరికి ఆ పేరు ఒక పాతకాలపు క్రైస్తవ సాధువు వల్ల వచ్చి ఉంటుందని చరిత్రకారుల అభిప్రాయం. ఇప్పుడున్న సమాధి రాళ్లను 18వ శతాబ్ది చివర అక్కడి సత్రం యజమాని డేవిడ్ ప్రిచర్డ్ తదితరులు నిలిపారు. 1800 ప్రాంతంలో విలియం రాబర్ట్ స్పెన్సర్ రాసిన గేయం, దానికి ప్రసిద్ధ సంగీతకర్త హైడన్ కూర్చిన సంగీతం కలిసి ఆ ఊరిని యాత్రాస్థలంగా మార్చాయి. వ్యాపారబుద్ధితో నిలిపిన రాయి కదా అని దానిని తీసిపారేయనవసరం లేదు గాని, భక్తితో పుట్టిన స్థలం చూడాలంటే ఫ్రాన్సుకు వెళ్లాలి.

లియోన్ నగరానికి ఉత్తరాన దోంబ్ అనే ప్రాంతం ఉంది. పదమూడో శతాబ్ది మధ్యలో ఎతియెన్ ద బూర్బోన్ అనే డొమినికన్ సన్న్యాసి అక్కడ మతప్రచారం చేస్తూ, పల్లె స్త్రీల పాపనివేదనలు వింటూ ఉండగా, చాలామంది తమ బిడ్డలను పునీత గినెఫోర్ దగ్గరికి తీసుకువెళ్లామని చెప్పారు. ఎవరో మహాత్ముడై ఉంటాడనుకుని ఆరా తీసిన అతడికి, ఆ గినెఫోర్ ఒక వేటకుక్క అని తెలిసింది. విల్లార్ ప్రభువు ఏలుబడిలోని ఒక కోటలో బిడ్డను పాము నుంచి కాపాడి, దొర కత్తికి బలైన కుక్క అది. తప్పు తెలుసుకున్న దొర దానిని కోటగుమ్మం ముందరి బావిలో వేసి, రాళ్లు పేర్చి, గుర్తుగా చెట్లు నాటించాడు. తరువాత దైవసంకల్పం వల్ల కోట నాశనమై, భూమి బీడుపడిందని అక్కడివారు చెప్పుకున్నారు. సంస్కృత పాఠాల్లో చంపినవాడు మనశ్శాంతి తప్ప మరేమీ పోగొట్టుకోడు. దోంబ్ రైతులు చెప్పుకున్న కథలో దొర తన కోటనే పోగొట్టుకున్నాడు. కథ చెప్పేవారి స్థానం మారితే శిక్ష ఎవరికి పడుతుందో ఇంతకంటె స్పష్టంగా తెలియజేసే పాఠం లేదు.

ఎతియెన్ నమోదు చేసిన పూజావిధానం మాత్రం కఠోరమైనది. బిడ్డ చిక్కిపోయి, ఎదుగుదల లేక ఏడుస్తూ ఉంటే, అడవిలోని శక్తులు అసలు బిడ్డను ఎత్తుకుపోయి, తమ బిడ్డను దాని స్థానంలో పెట్టాయని ఆనాటి ఐరోపా పల్లెల్లో నమ్మేవారు. అటువంటి బిడ్డను తల్లి ఆ తోపుకు తెచ్చి, ఉప్పు నైవేద్యం పెట్టి, పొత్తిగుడ్డలను పొదలపై ఆరవేసి, చెట్లకు మేకులు కొట్టి, విధానం తెలిసిన ఒక ముసలామెతో కలిసి, బిడ్డను రెండు చెట్ల నడుమ నుంచి తొమ్మిదిసార్లు అటూ ఇటూ అందించేది. ఆపైన బిడ్డను చెట్టు మొదట పడుకోబెట్టి, అంగుళం పొడవు కొవ్వొత్తులు రెండు వెలిగించి, అవి కరిగిపోయేదాకా ఏడుపు వినిపించనంత దూరం వెళ్లిపోయేవారు. ఆ మంట అంటుకుని కొందరు బిడ్డలు చనిపోయారని అతడు రాశాడు. బతికిన బిడ్డను షలరోన్ నది వడినీటిలో తొమ్మిదిసార్లు ముంచేవారు. ఎతియెన్ ఆ స్త్రీలను శిశుహంతకులుగా చూశాడు. 1979లో ఈ పూజపై ప్రత్యేక గ్రంథం రాసిన ఫ్రెంచి చరిత్రకారుడు జాన్ క్లోద్ ష్మిత్ దీనిని వైద్యం అందని సమాజంలో, బతుకుతుందో లేదో తెలియని బిడ్డ విషయంలో తల్లులు పాటించిన కర్మకాండగా వివరించాడు. ష్మిత్ వివరణ అంగీకరించదగినదే, అయినా ఆ కొవ్వొత్తుల మాట దానివల్ల తేలికపడదు.

ఎతియెన్ కుక్క ఎముకలను తవ్వించి, తోపును నరికించి, రెంటినీ కలిపి కాల్చివేయించాడు. మళ్లీ అక్కడికి పోయేవారి ఆస్తి జప్తు చేయాలని స్థానిక ప్రభువుల చేత శాసనం చేయించాడు. ఒకనాడు కుక్కను చంపింది ఒక దొర అయితే, దాని పూజను ఆపవలసిన బాధ్యత దొరల మీదనే పడింది. ఆ శాసనం పనిచేయలేదు. 19వ శతాబ్ది చివరి భాగంలో అక్కడికి వెళ్లి విచారించినవారికి ఆ అడవి గినెఫోర్ పేరుతోనే వ్యవహారంలో ఉండడం, జబ్బు బిడ్డల తల్లులు అక్కడికి వెళ్లడం తెలియవచ్చాయి. కుక్క ఎముకలు లేవు, చెట్లు అవి కావు, చర్చి ఎన్నడూ ఆ పూజను అంగీకరించలేదు.

పేరూ సమాధీ పొందిన జంతువుకు మన దేశంలో ఉదాహరణ కోసం ఛత్తీస్‌గఢ్ దాకా వెళితే చాలు. బాలోద్ జిల్లా ఖప్రీ గ్రామంలో కుకుర్‌దేవ్ అనే పాత ఆలయం ఉంది. దాని స్థలపురాణం పాము కథ కాదు, దాని తోబుట్టువు. అలకేశుని కథలో కనిపించిన తాకట్టు కుక్క కథే ఇది. కరువుకాలంలో ఒక బంజారా తన కుక్కను సాహుకారు దగ్గర తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకుంటాడు. సాహుకారు ఇంట దొంగలు పడితే, వారు సొత్తు దాచిన చోటును కుక్క చూపిస్తుంది. సంతోషించిన సాహుకారు బాకీ తీరిందని చీటీ రాసి, దాని మెడకు కట్టి పంపిస్తాడు. కుక్క మాట తప్పి పారిపోయి వచ్చిందనుకున్న బంజారా దానిని కొట్టి చంపి, ఆ తరువాత చీటీ చూసుకుంటాడు. ఈ కథలో చంపినవాడు దొరా కాదు, వేదం చదివిన బ్రాహ్మణుడూ కాదు. తెలంగాణ, ఆంధ్ర ప్రాంతాల్లో లంబాడీలుగా పరిచితమైన, ఒకప్పుడు ఎద్దులపై ధాన్యమూ ఉప్పూ మోసుకుంటూ దక్కను అంతటా తిరిగిన సంచార వర్తక జాతికి చెందిన అప్పులవాడు. ఆస్తి లేని ఆ మనిషికి ఉన్నదల్లా మాట. ఆ మాట పోయిందన్న అవమానమే అతడి చేత కర్ర ఎత్తించింది. పాము కథలో కత్తి ఎత్తించినది బిడ్డపై భయమైతే, ఇక్కడ అది పరువు. అందువల్ల రెంటినీ ఒకే సంఖ్య కింద చేర్చినా, అప్పు చేసి బతికినవారికి రెండోదే దగ్గరగా తోస్తుంది.

కుక్క స్మారకాన్ని ఆ బంజారాయే కట్టించాడని స్థానికులు చెబుతారు. కుక్క కరిచినవారు నయమవుతుందన్న నమ్మకంతో ఆ గుడికి వస్తుంటారు. ఎతియెన్ వంటి విచారణాధికారి ఎవరూ అక్కడికి పార పట్టుకుని రాలేదు. గర్భగుడిలో శివలింగమూ కుక్క ప్రతిమా రెండూ ఉన్నాయి. వచ్చినవారు రెంటికీ మొక్కి వెళతారు.